షుగర్ లెక్క: అంచనాలను దాటిపోయిన పాతికేళ్లు

1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన హిల్లరీ కింగ్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి ఒక అంచనా వేశారు. 1995లో భారతదేశంలో 1.94 కోట్ల మంది పెద్దవాళ్లకు షుగర్ ఉందని, 2025 నాటికి ఆ సంఖ్య 5.72 కోట్లకు చేరుతుందని చెప్పారు. మూడింతలు! ఆ రోజుల్లో అది గుండె గుభేలుమనిపించే అంకె. కానీ గడువుకు నాలుగేళ్ల ముందే, 2021లోనే, మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ సర్వే లెక్క తేల్చింది.

అంత పెద్ద అంకె కూడా ఎందుకు సరిపోలేదు?

1970ల మొదట్లో ఐసీఎంఆర్ చేయించిన సర్వేలో పట్టణాల్లో నూటికి 2.1, పల్లెల్లో 1.5 మందికి షుగర్ కనిపించింది. అప్పటికి అది బాగా కలిగినవాళ్ల జబ్బు. 2000లో ఆరు మహానగరాల్లో సర్వే చేస్తే అన్నిటికంటే పైన నిలిచింది మన హైదరాబాద్: 16.6 శాతం. చెన్నైలో 13.5, ముంబైలో 9.3. ఈ రెండు సర్వేలనూ పక్కపక్కన పెట్టి ఎనిమిదింతలు పెరిగిందనడం సరికాదు. వయసుల పరిధి వేరు, పరీక్ష వేరు. పైగా పరగడుపున 140 దాటితే షుగర్ అనే పాత గీతను 1990ల చివర్లో 126కి దించారు. అయినా, ఇవన్నీ తీసేసినా మిగిలే పెరుగుదల చిన్నదేమీ కాదు.

అంచనా వేసే పద్ధతి చూస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. ఫలానా వయసు వాళ్లలో నూటికి ఎందరికి షుగర్ ఉందో సర్వేల నుంచి తీసుకుంటారు. రాబోయే ఏళ్లలో ఆ వయసు వాళ్లు ఎందరుంటారో ఐక్యరాజ్యసమితి జనాభా పట్టికలు చెబుతాయి. రెండింటినీ గుణిస్తారు. ఊళ్ల నుంచి పట్నాలకు వలసనూ కలుపుతారు. 2004లో సారా వైల్డ్ బృందం 2030కి మన దేశంలో 7.94 కోట్లని చెప్పింది ఇలాగే. ఊబకాయం పెరగకుండా అప్పుడున్నంతే ఉంటుందనుకుని వేసిన లెక్క అదని వాళ్లే రాశారు. అంటే ముప్పై ఆరేళ్ల మనిషికి 2000లో ఎంత ముప్పుందో 2030లోనూ అంతే ఉంటుందని లెక్క.

మా ఇంట్లో తాతగారికి అరవై దాటాక షుగర్ వచ్చింది. నాన్నకు నలభై ఎనిమిదో ఏట. అన్నయ్యకు ముప్పై ఆరుకే. ఆ పట్టికలో ముప్పై ఆరేళ్ల గడి మారలేదు, మా అన్నయ్య మాత్రం ఆ గడిలోకి వచ్చేశాడు. ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకూ తెలిసే ఉంటాయి.

పెరుగుదలలో కొంత భాగం మంచిదే అని కూడా చెప్పాలి. మందులు, ఇన్సులిన్ అంది షుగర్ ఉన్న మనిషి ఇంకో ఇరవై ఏళ్లు బతికితే ఆ ఇరవై ఏళ్లూ లెక్కలో ఉంటాడు. అది తగ్గాలని ఎవరం కోరుకోం.

అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య విడుదల చేసే అట్లాస్ అనే నివేదికలో మన దేశం అంకెలు ఎలా జరుగుతూ వచ్చాయో చూడండి. 2030 నాటికి 8.7 కోట్లని 2009లో చెప్పింది. 2011కల్లా అదే 2030కి 10.12 కోట్లంది. ఇప్పుడు 2050కి 15.67 కోట్లంటోంది.

అసలు ఈరోజు ఎందరికి ఉందన్నదే తేలడం కష్టం. ఇండియాబ్ సర్వే 2008లో మొదలై 2020 దాకా సాగింది, 1,13,043 మందిని పరీక్షించారు. పరగడుపున వేలికి సూది గుచ్చి చూస్తారు. తర్వాత గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ గుచ్చుతారు. పనికి పోవాల్సిన మనిషిని అంతసేపు ఆపడం మాటలు కాదు. ఆ ఓపికకు నా దండం. ఇక 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన మరో లెక్క 2022 నాటికే మన దేశంలో 21.2 కోట్లంది. అందులో పరగడుపు షుగర్‌తో పాటు, మనం మూడు నెలల షుగర్ టెస్ట్ అనే హెచ్‌బీఏ1సీనీ లెక్కలోకి తీసుకున్నారు. రక్తహీనత ఉంటే ఆ పరీక్ష ఫలితం మారుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. పరీక్ష మారితే దేశం మొత్తం లెక్క రెట్టింపవుతోంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇండియాబ్‌లోని ఇంకో అంకె. ‘బోర్డర్‌లో ఉంది’ అంటామే, అలాంటివాళ్లు 13.6 కోట్లు. ఉత్తరప్రదేశ్‌లో షుగర్ ఉన్నవాళ్లు 4.8 శాతమే, బోర్డర్‌లో ఉన్నవాళ్లు 18 శాతం. రాబోయే అంచనాలన్నీ వీళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి. చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, బోర్డర్‌లో ఉండి మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో మూడేళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి విషయంలో వెంటపడి చెప్పిన వాళ్లలో 39 మందికే.

అన్నయ్యకు ముప్పై మూడేళ్లప్పుడు ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టులో బోర్డర్ అనే రాశారు. ఆ తర్వాత ఎవరూ ఫోన్ చేయలేదు, మేమూ అడగలేదు. ఆ కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది.