గాజు పోగుకు స్పర్శ పెంచడం

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో మా వీధి చివర తెగిన ఆప్టికల్ ఫైబర్‌ను అతుకుతున్న పనివాడు, పోగులోకి ఎర్రని కాంతి పంపి, దాన్ని చూపుడువేలికి చుట్టి చూపించాడు. తిన్నగా ఉన్నంతమేర ఏమీ కనిపించలేదు గాని, వేలి వంపు దగ్గర ఎర్రగా వెలిగింది. “వంచితే వెలుగు కారిపోద్ది సార్, అందుకే పెట్టెలో పెద్ద చుట్టగా పెడతాం” అన్నాడు. బయటినుంచి పోగుకు ఏం జరిగినా లోపలి కాంతి మారిపోతుంది; సమాచారం మోసేవారికి నష్టమైన ఆ గుణమే, పోగుతో సాగుదలనూ వేడినీ కొలిచేవారికి ఆధారం.

బలమైన లేజర్ కాంతి గాజు పోగు గర్భంలో శాశ్వతమైన చారలు ఏర్పరచగలదని 1978లో కెనడాలో కెన్ హిల్ బృందం కనుగొంది. గ్రేటింగ్ అనే ఆ చారల వరుస ఒకే ఒక తరంగదైర్ఘ్యాన్ని, అంటే ఒకే ‘రంగు’ కాంతిని, వెనక్కి పంపుతుంది. పోగు సాగినా వేడెక్కినా ఆ తరంగదైర్ఘ్యం కొద్దిగా పక్కకు జరుగుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర, మీటరు పోగు ఒక మైక్రాన్ సాగే నిష్పత్తికి, అంటే ఒక మైక్రోస్ట్రెయిన్‌కు, జరుగుదల సుమారు 1.2 పికోమీటర్లు (పికోమీటరు అంటే నానోమీటరులో వెయ్యో వంతు), ఒక డిగ్రీ వేడికి సుమారు 10 పికోమీటర్లు.

ఇంత చిన్న మార్పును పెంచడానికి గాజుకు తోడు కావాలి. పోగు గాజైన సిలికా వేడికి దాదాపు వ్యాకోచించదు. అల్యూమినియం దానికి నలభై రెట్లు వ్యాకోచిస్తుంది. గ్రేటింగ్‌ను అల్యూమినియం పట్టీకి గట్టిగా అతికిస్తే లోహం పోగును తనతోపాటు లాగి, వేడికి స్పందనను మూడు రెట్లకు పైగా పెంచుతుంది. ఆమ్లంతో పోగును సన్నం చేయడం మరో మార్గం: 125 మైక్రాన్ల వ్యాసాన్ని సగం చేస్తే అదే బలానికి నాలుగు రెట్లు సాగుతుంది. అయితే వంతెన ఉక్కుకు అతికించిన పోగు ఉక్కు సాగినంతే సాగుతుంది కనుక, అక్కడ సన్నం చేస్తే పోగు పెళుసుబారడమే మిగులుతుంది.

నా దృష్టిలో అసలు చిక్కు సాగుదల నుంచి వేడి ప్రభావాన్ని వేరుచేయడంలో ఉంది. కోరాపుట్ కొండల్లో చలికాలపు రాత్రికీ పగటికీ పది డిగ్రీల తేడా వస్తే, ఏ లాగుడూ లేని పోగు కూడా ఎనభై మైక్రోస్ట్రెయిన్‌కు పైగా సాగినట్టు చూపుతుంది. అందుకే పక్కనే వదులు గొట్టంలో, లాగుడు తగలని రెండో గ్రేటింగ్ ఉంచి, దాని జరుగుదలను మొదటిదానిలోంచి తీసివేస్తారు; కొలిచే వస్తువు వ్యాకోచాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు.

వానాకాలంలో కొండచరియలు విరిగిపడే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వంటి చోట ఈ పోగును వాలులో పాతాలంటే మరో పని ఉంది. నానిన మట్టి నున్నటి కేబుల్ మీదుగా జారిపోతే లోపలి గ్రేటింగ్‌కు ఏమీ తెలియదు. కేబుల్‌కు కొంత దూరానికొకటి బిళ్లల్లాంటి లంగరులు బిగిస్తేనే మట్టి కదలిక పోగుదాకా చేరుతుంది.