అదే డీజిల్ ఇంజన్, ఆటోమేటిక్‌లో టార్క్ ఎక్కువెందుకు?

టయోటా ఫార్చునర్ వివరాలు చూసిన ఒక పాఠకుడి సందేహం ఇది. 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్ ఒకటే, 204 పీఎస్ పవరూ ఒకటే. మరి టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, మాన్యువల్‌కి 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌కి 500 అని ఎందుకు వేశారు? అచ్చుతప్పేమీ కాదు. మహీంద్రా స్కార్పియో-ఎన్ డీజిల్‌లోనూ 370, 400 అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఇంజన్ ఎంత ఇవ్వగలదన్నది ఒక లెక్క, వెనకున్న క్లచ్, గేర్లు ఎంత తట్టుకుంటాయన్నది ఇంకో లెక్క. డ్రైవరు క్లచ్ ఎలా వదులుతాడో కంపెనీకి తెలియదు. ఠపీమని వదిలితే దెబ్బంతా గేరు పళ్ల మీదే. అందుకే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ముందే టార్క్‌లో కొంత కోత పెడుతుంది. ఆటోమేటిక్‌లో ఆ దెబ్బ కాయడానికి మధ్యలో నూనె ఉంది. పైగా గేరు మారే క్షణంలో కంప్యూటరే టార్క్ తగ్గిస్తుంది.

ఏఎంటీ సంగతి వేరు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మోటారుదో హైడ్రాలిక్ పంపుదో, అంతే. అసలు చూడాల్సింది ఆటోమేటిక్‌లో ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్‌ని. జర్మన్ ఇంజనీర్ హెర్మన్ ఫొట్టింగర్ దీనికి 1905లో పేటెంట్ తీసుకున్నాడు, అదీ ఓడల కోసం.

మజ్జిగ చిలికేటప్పుడు కుండని పట్టుకోకపోతే కవ్వంతో పాటు కుండా తిరగబోతుంది. కన్వర్టర్‌లో కవ్వం ఇంజన్ తిప్పే ఇంపెల్లర్, కుండ గేర్‌బాక్స్‌కి కట్టిన టర్బైన్. సిగ్నల్ దగ్గర బండి 'డి'లో ఉంటే, కుండని పట్టుకున్న చెయ్యి బ్రేక్ మీదున్న మీ కాలే. పోలిక ఇక్కడిదాకే. కుండని తిప్పేది పెరుగు చిక్కదనం. కన్వర్టర్‌లో ఉండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె (ఏటీఎఫ్) పలచన, పని చేసేది దాని వేగం. టర్బైన్‌ని గుద్దిన నూనె ఎదురు దిశలో వెనక్కొచ్చి ఇంపెల్లర్‌ని ఆపబోతుంది. మధ్యలో ఉన్న స్టేటర్ రెక్కలు దాన్ని మళ్లించి, తిరిగే దిశలోకే తోస్తాయి. అందువల్లే బండి కదలక ముందు టార్క్ దాదాపు రెండింతలవుతుంది. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగంలో 85-90 శాతానికి చేరాక స్టేటర్ కూడా వాటితో పాటు తిరిగిపోతుంది, ఆ లాభం అక్కడితో సరి.

నూనె మోసే టార్క్ ఇంజన్ వేగం వర్గంతో, కన్వర్టర్ లోపలి చక్రం వ్యాసం ఐదో ఘాతంతో పెరుగుతుంది. ఇంజన్ ఊరికే తిరిగే 800 ఆర్‌పీఎమ్ నుంచి 2400కి వెళ్తే తొమ్మిదింతలు. వ్యాసం 10 శాతం పెంచితే 61 శాతం అదనం. టర్బో డీజిల్‌కి ఇది కలిసొచ్చింది. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోకి 1500 లోపు ఊపిరి అందదు. కన్వర్టర్ నూనెలో జారుతూ, బండి ఇంకా నిలబడి ఉండగానే ఇంజన్‌ని టర్బో ఊపందుకునే వేగానికి పోనిస్తుంది.

800 దగ్గర మోసే ఆ కాస్త టార్కే బ్రేక్ వదలగానే బండిని పాకిస్తుంది. కొత్త కారు పూజలో నిమ్మకాయలు తొక్కించడానికి ఆ పాకుడు చాలు. యాక్సిలరేటర్ జోలికి పోయి గోడకి కొట్టడం మాత్రం దిష్టి కాదు.

జారుడంటే వేడి. అందుకే వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ ఇంపెల్లర్‌నీ టర్బైన్‌నీ కలిపేస్తుంది. డీజిల్‌కి చిక్కు ఇక్కడే. నాలుగు సిలిండర్ల ఇంజన్ 1200 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకి 40 సార్లు మండుతుంది, డీజిల్‌లో ప్రతి మంటా బరువైన గుద్దు. పూర్తిగా కలిపేస్తే ఆ అదురు క్యాబిన్‌లోకొస్తుంది. స్ప్రింగులు కొంత మింగుతాయి, మిగిలినదాని కోసం క్లచ్‌ని 30-50 ఆర్‌పీఎమ్ మేర జారుతూ ఉంచుతారు. 150 న్యూటన్ మీటర్ల దగ్గర 40 ఆర్‌పీఎమ్ జారితే దాదాపు 630 వాట్ల వేడి. దీన్ని రోజూ భరించేది ఏటీఎఫే.

అది పాతబడితే 60-80 కి.మీ. వేగంలో, కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, బండి గరుకు రోడ్డు మీద పోతున్నట్టు వణుకుతుంది. ఖాళీ రోడ్డు చూసుకుని, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకండి. ఎడమ కాలికి బ్రేక్ అలవాటుండదు, గట్టిగా పడనివ్వకండి. బ్రేక్ స్విచ్ లాకప్‌ని విడదీస్తుంది. వణుకు ఆగితే దోషం లాకప్‌దే, టైర్లదీ ఇంజన్ మౌంటింగులదీ కాదు. మొదట ఏటీఎఫ్ మార్చి చూడాలి. డ్రెయిన్ బోల్టు విప్పితే సగం నూనె కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. ప్రతిసారీ సగం వస్తుందనుకున్నా, మధ్యలో కొంత నడుపుతూ మూడుసార్లు మారిస్తే పాతది ఎనిమిదో వంతు మిగులుతుంది. నూనె మట్టం చూడాల్సింది బండితో వచ్చే మాన్యువల్ పుస్తకం చెప్పిన ఉష్ణోగ్రతలోనే. నూనె వేడికి ఉబ్బుతుంది కాబట్టి ఆ వేడి దాటాక చూస్తే తక్కువున్నా సరిపోయినట్టే కనిపిస్తుంది. గ్రేడు కూడా ఆ పుస్తకంలో రాసిందే పొయ్యాలి, ఎర్రగా ఉన్నదల్లా ఒకటి కాదు.

తిరుమల కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే డీజిల్ మిగులుతుందనే నమ్మకం ఇంకా పోలేదు. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండడానికి డీజిల్ పడుతూనే ఉంటుంది, ఇంజన్ బ్రేకింగూ పోతుంది. ఇంజనే ఆపేస్తే ఇంకా చేటు. గేర్‌బాక్స్ నూనె పంపుని తిప్పేది ఇంజనే కాబట్టి లోపలి బేరింగులు ఎండుతాయి. ఆగిపోయిన ఆటోమేటిక్‌ని తాడు కట్టి లాగొద్దనేదీ ఇందుకే. ఫ్లాట్‌బెడ్ పిలిపించండి, లేదా ఇంజన్ తిప్పే చక్రాలు నేలని తాకకుండా ఎత్తించండి.