పాత సీడీలోని ఆట ఎందుకు ఆడదు?

చిరంజీవులు చిన్నికీ, బాబ్జీకీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో అటక మీది పెట్టె దించి, మీ నాన్న చిన్నప్పటి ఆటల సీడీ తీశారట. కొత్త ల్యాప్‌టాప్‌కి బయటి డ్రైవు తగిలించి పెడితే ఈ యాప్ మీ పీసీలో నడవదని వచ్చిందట. సీడీ పాడైందా అని అడిగారు. లేదు. విండోస్ అందులోని ఫైలు తెరిచి చూసింది కాబట్టే ఆ మాట అనగలిగింది. చిక్కంతా చెలామణీలో ఉంది.

1957 మార్చి ఆఖరు దాకా మనకి రూపాయంటే పదహారు అణాలు, అణా అంటే నాలుగు పైసలు. ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు అన్నారు. పాత నాణేలని ఒక్కరోజులో పారేయమనలేదు. కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. పావలా ఇస్తే 25, అర్ధరూపాయి ఇస్తే 50, పేచీ లేదు. అణా దగ్గరే తంటా. లెక్కకి ఆరుంపావు రావాలి, పావు నయాపైసా నాణెం లేదు. అందుకని అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19 అని పట్టిక వేశారు. నాలుగు అణాలు విడివిడిగా ఖర్చుపెడితే 24 నయాపైసల సరుకు, కలిపి ఇస్తే 25. మా చిన్నతనంలో పిల్లలకి ఇంతకంటే ముఖ్యమైన గణితం ఇంకోటి లేదు!

కంప్యూటర్‌లో ప్రోగ్రాములు నాణేలనుకుంటే, వాటిని పుచ్చుకునే కొట్టువాడు ప్రాసెసర్, అంటే లెక్కలు చేసే చిప్. ఇంటెల్ 1978లో తెచ్చిన 8086 ఒక్కసారికి 16 బిట్ల లెక్క చేసేది (బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ అయిన ఒక్క అంకె). 1985లో 386 వచ్చింది, అది 32 బిట్లది. అయినా అవసరమైతే 8086లా నటించే ఏర్పాటు లోపలే ఉంచుకుంది, అంటే పాత అణాలూ పుచ్చుకుంది. 2003లో ఏఎండీ అనే ఇంకో చిప్‌ల కంపెనీ వాళ్లు 64 బిట్ల చిప్ తెచ్చారు. అది 64 బిట్ల పద్ధతిలో నడుస్తున్నంతసేపూ ఆ నటన పనిచేయదు. అందుకే 64 బిట్ల విండోస్ 32 బిట్ల ప్రోగ్రామ్‌ని తీసుకుంటుంది, 16 బిట్లదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. విండోస్ 11లో అయితే 32 బిట్ల రకమే లేదు. (రూపాయిలో కూడా 16 అణాలు, 64 పైసలు ఉన్నాయి కదా అంటారేమో. అది వట్టి కాకతాళీయం.)

ఇంకో మెలిక ఉంది. 1990ల నడిమి సీడీల్లో ఆట 32 బిట్లదే అయినా, దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్లది కావచ్చు. అప్పుడు సరుకు మంచిదే, బయటి సంచీకి కట్టిన నాణెమే చెల్లదు. సీడీలో ఆట ఫైళ్లు మూటకట్టకుండా విడిగా ఒక ఫోల్డర్‌లో ఉంటే దాన్ని డిస్కులోకి కాపీ చేసి నేరుగా ఆట ఫైలునే నొక్కి చూడండి. తెరుచుకుని తిక్కగా ప్రవర్తిస్తే కుడి క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఒక పాత విండోస్ పేరు ఎంచండి. "ఇది పాత విండోసే" అని ఆటకి చిన్న అబద్ధం చెప్పడమది. 16ని 32 చేయదు.

విండోస్‌కి ముందు వాడిన డాస్ కాలపు ఆటైతే షరాబు, అంటే నాణేలు మార్చి ఇచ్చేవాడు కావాలి. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ షరాబు. పాత ఆజ్ఞలన్నీ ఒక్కొక్కటే తీసుకుని మార్చి ఇస్తుంది. సి డ్రైవులో ఎనిమిది అక్షరాలు దాటని పేరుతో ఫోల్డర్ చేసి ఆటని అందులో పెట్టండి. డాస్‌బాక్స్‌లో మౌంట్ అని కొట్టి, ఖాళీ వదిలి సి అక్షరం, మళ్లీ ఖాళీ వదిలి ఆ ఫోల్డర్ దారి రాయండి. ఎంటర్ నొక్కాక సి, కోలన్ కొట్టి మళ్లీ ఎంటర్. ఆపైన ఆట ఫైలు పేరు. బొమ్మలు పిచ్చివేగంతో పరిగెడితే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కి తగ్గించండి, నత్తనడక నడిస్తే ఎఫ్12.

వేగం ఎక్కువైనా ప్రోగ్రామ్ చస్తుందని ఎవరనుకుంటారు? టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన చాలా ప్రోగ్రాములు మొదలవుతూనే 55 మిల్లీసెకన్లలో ఎన్ని చుట్లు తిరగగలవో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగించేవి. జవాబు 65,535 లోపు ఉంటుందని రాసినవాళ్ల ధీమా. యంత్రాలు వేగం పుంజుకున్నాక జవాబు ఆ డబ్బాలో పట్టలేదు. రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చెప్పి ఆగిపోయేవి. రేపటి కొట్టు ఎంత పెద్దదవుతుందో ఊహించకుండా గల్లాపెట్టె చేయించకూడదు, నాయనా.

ఇవన్నీ చేసేముందు సీడీని ఐఎస్ఓ ఫైలుగా, అంటే సీడీ మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా కాపీ చేసి ఇంకో డిస్కులో దాచండి. సాఫ్ట్‌వేర్‌కి షరాబు దొరుకుతాడు గానీ, గీతలు పడి చదవరాని సీడీకి దొరకడు.

ఇప్పుడు సి డ్రైవులో విండోస్ ఫోల్డర్ తెరవండి, ఏమీ చెరపకండి. సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో 64 బిట్ల ఫైళ్లుంటాయి. సిస్‌వావ్64 అనేదాంట్లో 32 బిట్లవి! పాత ప్రోగ్రాముల్లో సిస్టమ్32 అనే పేరు అక్షరాలా రాసేసి ఉంది, వాటిని 64 బిట్లకి తిరగరాసినప్పుడు తడబడకూడదని పేరు అలాగే ఉంచేశారు.

అది చూశాక డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ చేసి, దానికి ఇంగ్లీషులో సి, ఓ, ఎన్ అనే మూడక్షరాల పేరు పెట్టబోండి. ఒప్పుకోదు. 1981 నాటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, ఆ పేరు కీబోర్డుకీ తెరకీ కేటాయించారు. 1983లో ఫోల్డర్లు వచ్చినా అప్పటికే రాసిన ప్రోగ్రాముల కోసం దాన్ని కదపలేదు. ఇంకా అలాంటి పేర్లు ఏమున్నాయో వెతికి నాకు రాయండి.

మీ
తాతయ్య