పాత కారుకు కార్బురేటర్ వెతకడం: అపోహలు - వాస్తవాలు

పాత కారును బాగుచేయించేవాళ్లు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) దగ్గర పోగొట్టుకున్నంత డబ్బు వృథాగా మరెక్కడా పోగొట్టుకోరు. దాని ధర వల్ల కాదు, సరిపడనిది కొని, అది కుదరక ఇంకొకటి కొనడం వల్ల. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, జీపు, ఎప్పుడో ఒకసారి ఎవరో అపురూపంగా దాచుకున్న మారిస్ మైనర్ లేదా ఎంజీ... ఏ బండి యజమాని వచ్చినా ఈ కింది అపోహలే వినిపిస్తాయి.

అపోహ: ఇంజిన్ తడబడుతోందంటే కార్బురేటర్ మార్చాల్సిందే.

ముందు ఇగ్నిషన్ (నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు) చూడండి. కాంటాక్ట్ పాయింట్ల మధ్య దూరం, కండెన్సర్, ప్లగ్ వైర్లు, టైమింగ్. ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి. ఆ తర్వాత కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర గాలి లాగుతోందేమో. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బురేటర్ వంతు. కండెన్సర్ పోయిన బండికి కొత్త కార్బురేటర్ బిగిస్తే తడబాటు అలాగే ఉంటుంది, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

అపోహ: బండి పేరు, సంవత్సరం చెబితే సరైనది దొరుకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. నలభై, యాభై ఏళ్లు నడిచిన బండికి ఇప్పుడున్న కార్బురేటర్ ఫ్యాక్టరీలో బిగించినదే అయి ఉండాలని లేదు. ఒక అంబాసిడర్‌కు ఎస్‌యూ ఉంటుంది, పక్కనున్న మరో అంబాసిడర్‌కు ఎవరో ఎప్పుడో పెట్టిన సోలెక్స్ ఉంటుంది (రెండూ కార్బురేటర్ బ్రాండ్లే). రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపు కార్టర్ డబ్ల్యూఓ కార్బురేటర్‌తో తయారైంది. ఇక్కడ ఈనాటికీ తిరుగుతున్న జీపుల మీద మాత్రం ఎక్కువగా సోలెక్స్ రకమే కనిపిస్తుంది. కాబట్టి బండి పేరుతో కాక, ఇంజిన్‌తోనూ కార్బురేటర్ మీది నంబరుతోనూ వెతకాలి.

ఆ నంబరు చదవడంలోనూ ఒక చిక్కు ఉంది. ఎస్‌యూలో పైనున్న సక్షన్ చాంబర్ (లోపలి పిస్టన్ కదిలే గుల్ల భాగం) మరల్లో ఒకదాని కింద చిన్న లోహపు రేకు ఉంటుంది. దాని మీద ఏయూసీ లేదా ఏయూడీతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఏ ఇంజిన్ కోసం, ఏ నీడిల్‌తో (పెట్రోలు పాళ్లను నిర్ణయించే సూది), ఏ స్ప్రింగుతో తయారైందో చెప్పేది ఆ రేకు మాత్రమే. బాడీ మీద పోతపోసి ఉన్న నంబరు అచ్చుది, దానితో స్పెసిఫికేషన్ తెలియదు. చాలామంది ఆ అచ్చు నంబరునే ఫోటో తీసి పంపుతారు. రేకు ఎప్పుడో ఊడిపోయి ఉంటే నీడిల్ తీసి, దాని మొదలు మీద చెక్కిన అక్షరాలు చూడాలి. సైజు తెలుసుకోవడం సులువు: హెచ్‌ఎస్2 అంటే గొంతు (గాలి వెళ్లే దారి) అంగుళంపావు, హెచ్‌ఎస్4 అంటే అంగుళంన్నర, హెచ్‌ఎస్6 అంటే అంగుళంముప్పావు. అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో ఆ అంకె చెబుతుంది.

సోలెక్స్ 32 అన్నప్పుడు 32 అనేది థ్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకునే బిళ్ల) దగ్గరి వ్యాసం, మిల్లీమీటర్లలో. లోపల ఇరుకైన చోట ఉండే చోక్ ట్యూబ్ కొలత వేరు. గాలి వేగాన్ని నిర్ణయించేది ఆ ట్యూబే. అందువల్ల పైకి ఒకేలా కనిపించే రెండు 32లు రెండు వేర్వేరు ఇంజిన్లవి కావచ్చు.

అపోహ: పెద్దది పెడితే బండి పరుగెత్తుతుంది.

లెక్క వేసి చూద్దాం. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ నాలుగు స్ట్రోకులది, అంటే రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నీ నిండుతాయి. నిమిషానికి 4500 చుట్ల దగ్గర అది పూర్తిగా నిండినా లోపలికి వెళ్లే గాలి 3350 లీటర్లు. ఆచరణలో ఐదింట నాలుగు వంతులే నిండుతుందనుకుంటే సుమారు 2700 లీటర్లు. ఇంతకు చిన్న కార్బురేటర్ ఒక్కటి చాలు. గొంతు పెద్దదైతే తక్కువ వేగంలో గాలి నెమ్మదిస్తుంది, పెట్రోలు సన్నని తుంపరగా విడిపోదు. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కితే బండి ఒక్క క్షణం ఆలోచించి కదులుతుంది. ఎస్‌యూలో లోపలి పిస్టన్ గాలిని బట్టి లేచి గొంతును సర్దుతుంది కనుక ఈ బాధ కొంత తక్కువ, సోలెక్స్, వెబర్‌ల వంటి స్థిరమైన గొంతు ఉన్నవాటిలో ఎక్కువ.

అపోహ: బోల్టు రంధ్రాలు కుదిరితే చాలు.

రంధ్రాలు కుదరడం మొదటి మెట్టే. థ్రాటిల్ లివర్ ఏ వైపు తిరగాలి, చోక్ కేబుల్ ఎక్కడ తగులుతుంది, ఎయిర్ క్లీనర్ బానెట్‌కు ఆనుతుందా అన్నవి కూడా చూడాలి. ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టానికి చోటు ఉందా అన్నది మాత్రం చాలామంది చూడరు. ఆ చోటు లేని కార్బురేటర్ పెట్టి గొట్టం మూతి మూసేస్తే వాక్యూమ్ అడ్వాన్స్ (నిప్పురవ్వను కాస్త ముందుకు జరిపే ఏర్పాటు) ఆగిపోతుంది, నింపాదిగా నడిపేటప్పుడు మైలేజీ పడిపోతుంది. నింద మాత్రం కార్బురేటర్ మీద పడుతుంది. పెట్రోలు పంపు ఒత్తిడి మరో సంగతి. ఎస్‌యూ ఫ్లోట్ నీడిల్ (ఫ్లోట్ ఛాంబర్ నిండగానే పెట్రోలును ఆపే మూత) మూడు పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాటితే సరిగ్గా మూసుకోదు. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండి పంపు తెచ్చి తగిలిస్తే దాని నలభై పీఎస్‌ఐకి ఛాంబర్ పొంగి పెట్రోలు వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది. అది నిప్పంటుకునే వ్యవహారం.

అపోహ: పాతది పారేసి కొత్తది కొనడమే మేలు.

నా ఓటు చాలాసార్లు పాతదానికే. అసలు బాడీలో సాధారణంగా అరిగేది థ్రాటిల్ స్పిండిల్ (థ్రాటిల్ బిళ్ల తిరిగే ఇరుసు), అది తిరిగే రంధ్రం. స్పిండిల్‌ను పట్టుకొని ఊపితే కదలిక తెలుస్తుంది. అక్కడ గాలి జొరబడితే ఐడిలింగ్ (పెడల్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) ఎన్నటికీ కుదరదు, ఎవరు ఎంత ట్యూన్ చేసినా సరే. మంచి లేత్ పనివాడు రంధ్రాన్ని పెంచి ఇత్తడి బుష్‌లు కొట్టి, కొత్త స్పిండిల్ వేస్తే ఆ లోపం పోతుంది. బాడీ పగిలినా, తుప్పుకు గుల్లబారినా, మరల గాడులు బాగుచేయలేనంత చెడినా అప్పుడు వేరేది వెతకాలి.

పాత సామాను గుట్టలోంచి ఎస్‌యూ తెచ్చుకుంటే పిస్టన్, సక్షన్ చాంబర్ రెండూ ఒకే కార్బురేటర్‌వి కావాలి. అవి జతగా అమర్చినవి. పిస్టన్‌ను ఎత్తి వదిలితే టక్కుమని కింద కూర్చోవాలి. పాత స్థిర నీడిల్‌ను, 1960ల చివరలో వచ్చిన స్ప్రింగు నీడిల్‌ను ఒకదాని స్థానంలో ఒకటి నేరుగా వేయకూడదు.

కొత్తగా తయారై వస్తున్న నకళ్లు అన్నీ చెడ్డవి కావు. కానీ లోపలి జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు) మీ ఇంజిన్‌వి అనుకోవద్దు. విప్పి నంబర్లు రాసుకోండి.

అపోహ: స్క్రూ తిప్పితే అన్నీ సర్దుకుంటాయి.

సోలెక్స్‌లో మిక్స్చర్ స్క్రూ ఐడిలింగ్‌ను మాత్రమే సరిచేస్తుంది. రోడ్డు మీద పెట్రోలు చాలకపోతే మెయిన్ జెట్ మార్చాలి. ఇప్పుడు ఈ మాట ఎక్కువ అవసరం, ఎందుకంటే బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. మామూలు పెట్రోలు కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిదే చాలు. పాత జెట్టుతో ఈ కొత్త ఇంధనం నడిపితే మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది, ప్లగ్ తెల్లబడుతుంది. 120 నంబరు జెట్టు ఉంటే కాస్త పెద్ద రంధ్రమున్న 125 వేసి చూడటం నా పద్ధతి. ప్లగ్ లేత గోధుమరంగుకు వస్తే అక్కడే ఆపుతాను, మసి పట్టితే వెనక్కి తగ్గుతాను. పాత రబ్బరు డయాఫ్రమ్‌లు, గొట్టాలు ఇథనాల్‌కు ఉబ్బి చీలుతాయి కనుక వాటిని దానికి తట్టుకునే రకంతో మార్చాలి. బండి నెలల తరబడి నిలిపితే ఛాంబర్ ఖాళీ చేసి పెట్టడం మంచిది.

ఎస్‌యూ డ్యాంపర్‌లో (పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆపే భాగం) నూనె లేకపోయినా నడుస్తుందని కొందరంటారు. నడుస్తుంది, కానీ పెడల్ తొక్కగానే తడబడుతుంది. సాధారణంగా ఎస్ఏఈ 20 నూనె సరిపోతుంది.

వెతకడానికి సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా పాత కార్బురేటర్‌ను, అది విరిగినదైనా సరే, చేతిలో పట్టుకెళ్లండి. కొత్తది కుదిరి కొన్నాళ్లు నడిచేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకండి, లివర్లూ స్ప్రింగులూ దాని నుంచే తీసి వేయాల్సి వస్తుంది.