పత్రికలోంచి ప్రధాని కార్యాలయానికి, అక్కడి నుంచి రాయబారానికి

పాత్రికేయులు ప్రభుత్వ కొలువులోకి వెళ్లడం మన దగ్గర కొత్త కాదు. 1924లో మొదలైన హిందుస్థాన్ టైమ్స్‌కు తొలి సంపాదకుడు కె.ఎం. పణిక్కర్. తర్వాత బికనీర్ సంస్థానంలో దివాన్‌గా చేశారు. 1948లో చైనాకు రాయబారిగా వెళ్లి, అక్కడ ప్రభుత్వమే మారిపోయినా 1952 దాకా కొనసాగారు. ‘ది హిందూ’లో పనిచేసిన జి. పార్థసారథి కూడా చైనా, పాకిస్థాన్‌లలో మన ప్రతినిధిగా ఉన్నారు. అప్పటికి మన విదేశాంగ సర్వీసు ఇంకా పసిది. లోకజ్ఞానం, రాత రెండూ ఉన్నవాళ్ల కోసం నెహ్రూ పత్రికల వైపూ చూశారు.

వెళ్లడంలో కంటే తిరిగి రావడంలోనే చిక్కు ఎక్కువ. కులదీప్ నయ్యర్ హోం మంత్రి గోవింద్ వల్లభ్ పంత్ దగ్గర, ఆ తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ప్రెస్ ఆఫీసర్‌గా చేసి, యూఎన్ఐ వార్తాసంస్థకు వచ్చారు. 1964 మే 27న నెహ్రూ మరణించారు. ప్రధాని పదవికి మొరార్జీ దేశాయ్ అందరికంటే ముందు బరిలోకి దిగారంటూ నయ్యర్ రాసిన వార్త దేశమంతా పాకింది. చితి ఆరకముందే పదవి కోసం ఆరాటమా అన్న భావన కాంగ్రెస్‌లో వ్యాపించింది. ప్రధాని అయింది శాస్త్రి. తాను రాసింది నిజమేనని నయ్యర్ చివరిదాకా చెప్పారు; దేశాయ్ వర్గం మాత్రం ఆయన్ను క్షమించలేదు. ఏజెన్సీ వార్తలో రాసినవారి పేరు సాధారణంగా ఉండదు. అది శాస్త్రి మాజీ ఉద్యోగి కలం నుంచి వచ్చిందని పాఠకుడు ఎలా పోల్చుకుంటాడు? వార్త నిజమైనా ఆ సంబంధాన్ని పాఠకుడికి చెప్పి తీరాలి.

బి.జి. వర్గీస్ దీనికి ఎదురు ఉదాహరణ. 1966 నుంచి ఇందిరాగాంధీకి సమాచార సలహాదారుగా పనిచేసి, 1969లో హిందుస్థాన్ టైమ్స్ సంపాదకుడయ్యారు. సిక్కింను కలుపుకొన్న తీరును ఆ పత్రికలోనే తప్పుపట్టారు. 1975లో ఆ ఉద్యోగం పోయింది. అదే ఏడాది ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది.

ఇందిర ప్రసంగాలకు సుదీర్ఘకాలం రూపమిచ్చిన హెచ్.వై. శారదా ప్రసాద్ అంతకుముందు ప్రభుత్వ పత్రిక ‘యోజన’ సంపాదకుడు. ఈ పనిలో శాఖల నుంచి సమాచారం తెప్పించుకోవాలి, అంకెలు సరిచూడాలి, ఫైలు భాషను నోటికి పలికే చిన్న వాక్యాలుగా మార్చాలి. ముందుగా విలేకరులకు ఇచ్చే ప్రతి మీద ‘పలికిన మాటలతో సరిచూసుకోండి’ అని రాయడం ఆనవాయితీ, ఎందుకంటే వేదిక మీద నాయకుడు వాక్యం మార్చేయవచ్చు. పొరపాటు దొర్లితే జవాబు చెప్పుకోవాల్సింది నాయకుడే. ప్రసంగ రచయిత తన పేరు దాచుకోవడంలో న్యాయం అక్కడే ఉంది.

రాయబారి పదవికి స్వదేశం నియామకం ఒక్కటే చాలదు. 1961 వియన్నా ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం ముందుగా ఆతిథ్య దేశం సమ్మతి కావాలి; కాదంటే కారణం చెప్పనక్కర్లేదు. సర్వీసు బయటి నుంచి వచ్చినవారి పదవి నియమించిన ప్రభుత్వంతో ముడిపడి ఉంటుంది. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం నయ్యర్‌ను లండన్‌కు హైకమిషనర్‌గా (కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారికి వాడే పేరు) పంపింది. ఆ నవంబరులోనే ప్రభుత్వం కూలింది. ఆయన లండన్‌లో ఉన్నది కొద్దికాలమే. తిరిగొచ్చాక మళ్లీ కాలమ్ అందుకుని, 2018లో కన్నుమూసేదాకా భారత్-పాక్ సయోధ్య కోసం రాస్తూనే ఉన్నారు.