సర్పగంధ: పిచ్చికి వాడిన వేరు బీపీ మందు ఎలా అయింది

'బీపీ మాత్రలు జీవితాంతం మింగక్కర్లేదు, మన ఋషులు వేల ఏళ్ల కిందటే దీనికి మూలికలు చెప్పారు.' ఈ సందేశం వాట్సాప్‌లో ఏదో ఒక రూపంలో అందరికీ వచ్చే ఉంటుంది. కింద సర్పగంధ, తెల్లమద్ది బెరడు, గుగ్గులు అంటూ ఒక జాబితా. ఇందులో అంతా అబద్ధమేమీ లేదు. ఆ జాబితాలోని ఒక వేరు నిజంగానే ప్రపంచవ్యాప్తంగా బీపీ వైద్యాన్ని మార్చేసింది. కాకపోతే ఆ కథ మొదలై ఇంకా వందేళ్లు నిండలేదు. ఈ సంగతిని సందేశాలు రాసేవాళ్లు ఎందుకో వదిలేస్తారు.

వేల ఏళ్ల కిందట బీపీకి మందు చెప్పడం కుదిరే పని కాదు. ఎక్కువమందిలో బీపీ పెరిగినట్టు పైకి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కొలిస్తేనే బయటపడుతుంది. చేతికి పట్టీ చుట్టి కొలిచే పరికరాన్ని ఇటలీ వైద్యుడు సిపియోనె రివా-రొచ్చి 1896లో పరిచయం చేశాడు. స్టెతస్కోప్ పెట్టి పై అంకె, కింది అంకె రెండూ పట్టే పద్ధతిని రష్యా సర్జన్ నికొలాయ్ కొరొత్కోవ్ 1905లో చెప్పాడు. పందొమ్మిదో శతాబ్దంలో కొలత ప్రయత్నాలు మొదలయ్యేదాకా ఏ దేశపు వైద్యుడికీ, ఏ సంప్రదాయానికీ బీపీ ఒక జబ్బుగా తెలిసే దారి దాదాపుగా లేదు. ఇందులో ఆయుర్వేదాన్ని తక్కువ చేసేదేమీ లేదు, యూరప్ వైద్యానిదీ అప్పటికి అదే పరిస్థితి.

గుండె సంగతి వేరు. చరక సంహిత శిరస్సు, హృదయం, వస్తి (మూత్రాశయం) అనే మూడింటిని అన్నిటికంటే ముఖ్యమైన మర్మాలుగా, అంటే ప్రాణస్థానాలుగా లెక్కగట్టింది. వాత, పిత్త, కఫ దోషాల వల్ల వచ్చేవి మూడు, మూడూ కలిసినప్పుడు వచ్చేది ఒకటి, క్రిముల వల్ల వచ్చేది ఒకటి, మొత్తం అయిదు రకాల హృద్రోగాలు చెప్పింది. పదకొండో శతాబ్దంలో బెంగాల్‌కు చెందిన చక్రపాణిదత్తుడు మద్ది బెరడు పొడిని నేతితోనో, పాలతోనో, బెల్లం నీళ్లతోనో తాగితే హృద్రోగం పోతుందని శ్లోకం రాశాడు. గుండెకు మద్ది మందు అనే మాట వెనక ఇంత స్పష్టమైన పాత ఆధారం ఉంది. చిత్రమేమిటంటే, తర్వాతి కాలంలో బీపీ మీద గట్టిగా పనిచేస్తుందని తేలిన మొక్కకు గుండె మందుగా అలాంటి పేరేమీ లేదు.

సర్పగంధ మోకాలి ఎత్తు దాకా పెరిగే పొద. హిమాలయాల దిగువ ప్రాంతాల నుంచి పడమటి కనుమల దాకా తేమగా ఉండే అడవుల నీడలో దొరికేది. ఎండిన వేరుకు వాసన ఉండదు గానీ నాలిక మీద పెడితే విపరీతమైన చేదు. పాముకాటుకూ, పురుగు కుట్టినందుకూ, నిద్ర పట్టని వాళ్లకూ వాడేవారు. బీహార్‌లో దీన్ని పిచ్చికి మందుగా అమ్మేవారు. ఇక దాని శాస్త్రీయ నామం, రావుల్ఫియా, పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడు లియోనార్డ్ రావుల్ఫ్ మీద 1703లో పెట్టింది. ఆయన పశ్చిమాసియా అంతా తిరిగాడు తప్ప ఇండియాకు ఎప్పుడూ రాలేదు.

1931లో ఈ వేరు మీద రెండు చోట్ల నుంచి రెండు వేర్వేరు పనులు వెలువడ్డాయి. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ నెలకొల్పిన తిబ్బియా కాలేజీలో, జర్మనీలో డాక్టరేట్ చేసి వచ్చిన సలీముజ్జమాన్ సిద్దికీ తన సహచరుడితో కలిసి వేరులోని ఆల్కలాయిడ్లను, అంటే ఒంటి మీద బలంగా పనిచేసే మొక్క రసాయనాలను, విడదీశాడు. తనను పిలిచి పరిశోధన అప్పజెప్పిన హకీం అప్పటికే చనిపోయారు. ఆ గౌరవంతో ఒకదానికి అజ్మలీన్ అని పేరు పెట్టాడు. ఇది బీపీ మందు కాలేదు గానీ గుండె లయ తప్పినప్పుడు పనికొచ్చే మందు అయింది. బ్రుగాడా సిండ్రోమ్ అనే అరుదైన గుండె లోపాన్ని నిర్ధారించడానికి యూరప్ డాక్టర్లు ఈ రోజుకీ అజ్మలీన్ ఇంజెక్షన్ ఇచ్చి ఈసీజీ చూస్తారు. ఒక యునానీ హకీం పేరు అక్కడి ఆస్పత్రుల్లో అలా మిగిలిపోయింది.

రెండో పని కలకత్తాలో జరిగింది. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ మానసిక రోగులకు సర్పగంధ వేరు పొడి ఇస్తూ వాళ్ల బీపీ కూడా చూశారు. ఉన్మాదం తగ్గుతోంది, దాంతోపాటు బీపీ కూడా పడిపోతోంది. సేన్ కవిరాజు, అంటే బెంగాల్‌లో ఆయుర్వేద వైద్యుడు, ఆధునిక వైద్యమూ చదివినవాడు. పాత పొడినీ కొత్త పట్టీనీ ఒకే రోగి దగ్గరికి తెచ్చే మనిషి అలాంటివాడే అయి ఉండాలి. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు మలుపు ఇక్కడే ఉంది. పొడి అంతకుముందూ ఉంది, కొత్తగా వచ్చింది కొలత. ఆ వెంటనే కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో రామ్‌నాథ్ చోప్రా బృందం జంతువుల మీద పరీక్షించింది. 1934లో హిమాలయా కంపెనీ ఈ వేరుతో సెర్పినా మాత్ర తెచ్చింది. బర్మాలో మదమెక్కిన ఏనుగులకు ఈ వేరు పెట్టడం చూసి వ్యవస్థాపకుడికి ఆలోచన వచ్చిందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. కథ బాగుంది, నమ్మడం మానడం మన ఇష్టం.

ఇదంతా దేశం లోపలే ఉండిపోయింది. దాన్ని బయటికి తెచ్చింది బొంబాయి గుండె డాక్టర్ రుస్తుం జాల్ వకీల్. బీపీ ఉన్న 50 మందికి సర్పగంధ ఇచ్చి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చు వేయించాడు. ఆ వ్యాసం చదివిన బోస్టన్ డాక్టర్ రాబర్ట్ విల్కిన్స్ వేరు తెప్పించుకుని తన రోగుల మీద చూశాడు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అసలు పనిచేసే పదార్థం రిసర్పిన్‌ను వేరుచేశారు. వకీల్‌కు 1957లో వైద్య పరిశోధనకు అమెరికాలో ఇచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. అంతకు కిందటి ఏడాదే హార్వర్డ్‌లో ఆర్.బి. వుడ్‌వర్డ్ రిసర్పిన్‌ను ప్రయోగశాలలో మొదటి నుంచీ తయారుచేసి చూపించాడు.

రిసర్పిన్ చేసే పని ఇది. నరాల చివర్లలో నోరెడ్రినలిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. అవసరమైనప్పుడు అది బయటికొచ్చి రక్తనాళాలను బిగిస్తుంది, గుండె వేగం పెంచుతుంది. ఆ సంచులను నింపే పంపును రిసర్పిన్ అడ్డుకుంటుంది. నిల్వ నెమ్మదిగా ఖాళీ అవుతుంది, నాళాలు సడలుతాయి. అందుకే మందు మొదలుపెట్టిన రోజే గుణం కనిపించదు, రెండు మూడు వారాలు పడుతుంది. మానేసిన తర్వాత కూడా ఆ ప్రభావం వెంటనే పోదు. రోగి ముందుగా గమనించేది ముక్కు దిబ్బడ. జలుబు లేకుండానే ముక్కు మూసుకుపోతుంది, ఎందుకంటే ముక్కు లోపలి నాళాలూ సడలిపోతాయి. తర్వాత మత్తు, గుండె వేగం తగ్గడం, కడుపులో మంట.

ఇదే పని మెదడులోనూ జరుగుతుంది. సెరొటోనిన్, డోపమిన్ అనే మెదడు రసాయనాల నిల్వలూ ఖాళీ అవుతాయి. ఉన్మాదం తగ్గింది అందుకే. కొందరు రోగులు దిగులులో కూరుకుపోయిందీ అందుకేనని అప్పట్లో డాక్టర్లు భావించారు. స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ 1957లో రిసర్పిన్ ఇచ్చి కదలకుండా పడిపోయిన జంతువులకు, ఒంట్లో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇచ్చి మళ్లీ లేపాడు. పార్కిన్సన్స్ జబ్బుకు మందు దొరికే దారి అక్కడే తెరుచుకుంది. ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. మన వేరు ఎంత దూరం వెళ్లిందో చూడండి.

బీపీ తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని గట్టిగా రుజువైన మొదటి పెద్ద పరీక్షలోనూ రిసర్పిన్ ఉంది. 1967లో ఎడ్వర్డ్ ఫ్రీస్ నాయకత్వంలో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో, కింది అంకె 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రిసర్పిన్, హైడ్రలజీన్, మూత్రం ఎక్కువ పోయించే మందు కలిపి ఇచ్చారు. రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర జట్టులో 27 మందికి తీవ్రమైన సమస్యలొచ్చాయి, మందు జట్టులో ఇద్దరికి. ఆ రోజుల దాకా బీపీ పెరగడం వయసుతో సహజం, తగ్గించకపోయినా పర్లేదు అనుకునే డాక్టర్లు చాలామంది ఉండేవారు.

ఇండియాలో రిసర్పిన్ ఉన్న అడెల్ఫేన్ మాత్ర చాలాకాలం నడిచింది. ఆ తర్వాత దుష్ప్రభావాలు తక్కువగా ఉన్న మందులు వచ్చేకొద్దీ రిసర్పిన్ వెనకబడింది. 1970ల్లో రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం ఉందన్న అనుమానం ఒకటి వచ్చి దాని పేరు మరింత దెబ్బతింది. తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు, కానీ పోయిన పేరు తిరిగి రాలేదు. మన సందేశాల్లో 'సైడ్ ఎఫెక్ట్స్ లేని మూలిక' అని మొదట రాసే పేరు దీనిదే కావడం నాకెప్పుడూ వింతగా ఉంటుంది. ఆ జాబితా మొత్తంలో సైడ్ ఎఫెక్ట్స్ గురించి వైద్యులు ఎక్కువగా రాసింది దీని మీదే. బీపీని దించగలిగింది ఏ గుణం వల్లో, మనిషిని కుంగదీయగలిగిందీ ఆ గుణం వల్లే.

మాత్రలో రిసర్పిన్ ఎంతుందో మిల్లీగ్రాముల్లో తెలుస్తుంది. పొడిలో తెలియదు. ఆల్కలాయిడ్లు ఎక్కువగా వేరు పైబెరడులో ఉంటాయి, మొక్క వయసు, నేల, తవ్విన కాలాన్ని బట్టి పాళ్లు మారిపోతాయి. పైగా వేరు కోసం తవ్వితే మొక్కే పోతుంది. గిరాకీ పెరిగిన 1950ల్లో ఇండియా ఈ వేర్ల ఎగుమతిని ఆపింది. విదేశీ కంపెనీలు రిసర్పిన్ ఎక్కువగా ఉన్న ఆఫ్రికా జాతి మొక్క వైపు మళ్లాయి. 1990లో సర్పగంధ అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న సైటిస్ రెండో జాబితాలో చేరింది. మొక్క దొరకని చోట దాని దాయాది జాతుల వేర్లు కలిపి అమ్మడం మామూలైంది.

మిగతా రెండు మూలికలదీ ఇంత పెద్ద కథ కాదు. తెల్లమద్ది మీద 1995లో ఇండోర్ డాక్టర్లు తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 12 మందికి ఇచ్చి మంచి ఫలితం చూశారు. 2016లో ఢిల్లీ ఎయిమ్స్ బృందం 100 మంది మీద ఇంకా పకడ్బందీగా పరీక్షించినప్పుడు గుండె రక్తాన్ని నెట్టే శక్తిలో మెరుగుదల రాలేదు. ఈ రెండూ గుండె వైఫల్యం మీద జరిగినవే, బీపీ మీద కావు.

గుగ్గులు కథ కొలెస్ట్రాల్‌ది. జి.వి. సత్యవతి 1960ల్లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సుశ్రుతుడు మేదస్సు గురించి చెప్పిన భాగాన్ని పట్టుకుని కుందేళ్ల మీద పనిచేశారు. అక్కడి నుంచి లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) చేతుల్లో అది మందుగా మార్కెట్‌కు చేరింది. 2003లో అమెరికాలో 103 మందితో చేసిన పరీక్షలో మాత్రం చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో హైబీపీ, లోబీపీ, గుండె జబ్బులు మూడూ ఉన్నాయి. వీటిని నయం చేస్తామని ఏ మందుకూ ప్రకటన ఇవ్వకూడదు. అందుకే సీసాల మీద 'గుండె ఆరోగ్యానికి తోడ్పడుతుంది' లాంటి మాటే కనిపిస్తుంది. మాత్రలు మానేయమని అచ్చులో ఎవరూ చెప్పరు, ఆ పని ఫార్వర్డ్ సందేశాలు చేసిపెడతాయి.

సీసా కొనేముందు చూడాల్సింది వెనక వైపున్న చిన్న అక్షరాలు. యష్టిమధుకం, అంటే అతిమధురం, చాలా ఆయుర్వేద మిశ్రమాల్లో ఉంటుంది. అందులోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలబెట్టి, పొటాషియం తగ్గించి బీపీని పెంచుతుంది. గుండె పేరుతో కొన్న సీసాలో అది ఉంటే వచ్చేది తిరకాసే. సర్పగంధ ఉంటే, ఇప్పటికే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ గానీ డిగాక్సిన్ గానీ వాడుతున్న వాళ్లకు ఆ వేగం మరీ పడిపోవచ్చు. ఒకప్పుడు డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లు దాని జోలికే పోకూడదు. వాడటం మొదలుపెట్టాక జలుబు లేకుండా ముక్కు మూసుకుపోతుంటే, ఆ సీసా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.