ఆ చార్టు ఎక్కడ పుట్టింది: ఇశ్రాయేలు, ఎత్తబడుట, మన బ్రదరన్ బోధ

నేను పెరిగిన ప్రార్థన మందిరంలో వేదిక వెనుక గోడకు ఒక పెద్ద గుడ్డ చార్టు ఉండేది. ఎడమ చివర ఏదెను తోట, కుడి చివర నూతన యెరూషలేము, మధ్యలో సిలువ. సిలువ దాటాక మేఘాల్లోకి పోయే ఒక బాణం గుర్తు. అది సంఘము ఎత్తబడుట, అంటే క్రీస్తు వచ్చి విశ్వాసులందరినీ పైకి తీసుకుపోవడం. దాని పక్కన ఎర్రరంగులో ఏడేళ్ల శ్రమలు, హర్మగిద్దోను అనే చివరి యుద్ధం, ఆ తర్వాత భూమ్మీద క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన. అక్కడెక్కడో యుద్ధం మొదలైందని పేపర్లో వస్తే చాలు, ఆ ఆదివారం వాక్యం ఆ చార్టు దగ్గరికే వెళ్లేది. "ఇశ్రాయేలు దేవుని గడియారం" అన్న మాట బైబిల్లో ఉన్న వచనమేనని నేను చాలా ఏళ్లు నమ్మాను. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక అదే మాట మళ్లీ వాట్సాప్‌లో, యూట్యూబ్ సందేశాల్లో వినిపించింది. అది వచనం కాదు. ఆ చార్టుకు ఒక ఊరు ఉంది, ఒక కాలం ఉంది.

ఐర్లాండ్‌లోని విక్లో ప్రాంతంలో పవర్స్‌కోర్ట్ అనే పెద్ద భవంతి ఉంది. 1831 నుంచి కొన్నేళ్లపాటు ఆ ఇంటి దొరసాని లేడీ పవర్స్‌కోర్ట్ అక్కడ ప్రవచనాల మీద సభలు పెట్టించింది. ఫ్రెంచ్ విప్లవం, నెపోలియన్ యుద్ధాలు చూసిన తరం అది. లోకం చివరికొచ్చిందన్న భయం చాలామందిలో ఉండేది. ఆ సభల్లో గట్టిగా వినిపించిన గొంతు జాన్ నెల్సన్ డార్బీది. ఆయన 1800లో పుట్టాడు, డబ్లిన్‌లో చదివాడు, ఐర్లాండ్ ఆంగ్లికన్ సంఘంలో పాదిరిగా ఉండి బయటికొచ్చాడు. పాదిరులు లేకుండా విశ్వాసులంతా సహోదరులుగా కూడుకునే బ్రదరన్ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడు.

డార్బీ చెప్పింది ఇది. దేవునికి ఇద్దరు ప్రజలు. ఇశ్రాయేలు భూసంబంధమైన ప్రజ, సంఘం పరలోక సంబంధమైన ప్రజ. ఇశ్రాయేలుకు ఇచ్చిన దేశం, రాజ్యం అనే వాగ్దానాలు ఇశ్రాయేలుకే అక్షరాలా నెరవేరతాయి. దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బది వారాల్లో (వారం అంటే ఏడేళ్లు) అరవై తొమ్మిది అయిపోయాయి, దేవుని గడియారం అక్కడ ఆగింది, ఆ చివరి వారం మిగిలి ఉంది. అదే ఏడేళ్ల శ్రమల కాలం. ఈ మధ్య ఖాళీలో ఉన్నది సంఘ కాలం. ఆ ఏడేళ్లు మొదలు కాకముందే ప్రభువు మేఘాల్లోకి వచ్చి సంఘాన్ని తీసుకుపోతాడు.

క్రీస్తు రెండవ రాకడను సంఘం మొదటి నుంచీ నమ్మింది. వెయ్యేండ్ల పాలన అక్షరాలా వస్తుందని రెండో శతాబ్దంలో ఐరేనియస్ లాంటి సంఘ పెద్దలు కూడా చెప్పారు. అయిదో శతాబ్దపు బోధకుడు అగస్టీన్ తర్వాత ఆ వెయ్యేండ్లను సంఘ కాలానికి గుర్తుగా చదవడం వాడుకైంది. లూథర్, కాల్విన్ దాదాపు అదే దారిలో నడిచారు. యూదులు తిరిగి పాలస్తీనాకు వెళ్తారని ఇంగ్లాండ్ సంఘాన్ని ఇంకా సంస్కరించాలన్న ప్యూరిటన్లలో కొందరు ఆశించారు. హెన్రీ ఫించ్ అనే లాయరు 1621లో ఆ మాట పుస్తకంగా అచ్చేసి జైలుకు కూడా వెళ్లాడు. కానీ శ్రమలకు ముందు విడిగా ఎత్తబడుట, ఇద్దరు ప్రజలు, ఆగిన గడియారం, ఈ మూడింటినీ ఒకే చార్టుగా కట్టింది డార్బీ కాలమే.

ఇక్కడే మన గోదావరి కథ కలుస్తుంది. డార్బీకి తొలి సహవాసుల్లో ఒకడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరు. ప్రాక్టీసు వదిలేసి బాగ్దాదు వెళ్లి, అక్కడ 1831 ప్లేగులో భార్యను పోగొట్టుకుని, తర్వాత ఇండియాకు వచ్చాడు. 1836లో ఆయన వెంట బార్న్‌స్టేపుల్ ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు వచ్చాయి. వాళ్లు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో చేసిన పనే గోదావరి డెల్టా మిషన్ అయింది. ఇండియాకు బయలుదేరే ముందు, అదే ఏడాది మార్చిలో, గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. క్రీస్తు జీవం ఉన్నవాళ్లందరితో సహవాసం అనే మన మొదటి మాట నుంచి నువ్వు జరిగిపోతున్నావు, ఎవరి తప్పులు వాళ్లకు చూపించడమే పనైపోతోంది అన్నది దాని సారాంశం. నేను ఆ ఉత్తరం చదివినప్పుడు చాలాసేపు కదల్లేకపోయాను. మన ప్రాంతానికి సువార్త తెచ్చిన మనిషి ఆ హెచ్చరిక చేసి మరీ ఓడ ఎక్కాడు.

ఎత్తబడుట మీద కూడా ఆ తొలి బ్రదరన్ పెద్దలు ఏకాభిప్రాయంతో లేరు. ప్లిమత్‌లో బెంజమిన్ న్యూటన్ డార్బీ బోధను గట్టిగా ఎదిరించాడు. అనాథల సేవకుడిగా మనవాళ్లందరూ గౌరవించే జార్జ్ ముల్లర్, గ్రోవ్స్‌కు బావమరిది, సంఘం శ్రమలకు ముందే వెళ్లిపోతుందని నమ్మలేదు. 1848లో ఉద్యమం వేరే కారణాల మీద రెండుగా చీలింది. ముల్లర్ వైపు ఉన్న ఓపెన్ బ్రదరన్ శాఖకే మన గోదావరి సంఘాలు చెందుతాయి. అయినా మనం ముల్లర్ విశ్వాసం గురించి సాక్ష్యాలు చెప్పుకున్నాం, చార్టు మాత్రం డార్బీది పెట్టుకున్నాం.

దీనికి పెద్ద కారణం అమెరికా. 1862 తర్వాత డార్బీ అక్కడికి చాలాసార్లు వెళ్లాడు. 1909లో సైరస్ స్కోఫీల్డ్ తన నోట్స్‌తో బైబిల్ తెచ్చాడు. పైన వాక్యం, అదే పేజీలో కింద యుగాల వివరణ. చదివేవాడి మనసులో రెండూ కలిసిపోయాయి. ఇంగ్లిష్ వచ్చిన మన బోధకుల బల్లల మీదికి కూడా అది చేరింది.

డార్బీకి రాజకీయాలు పట్టలేదు. ఆయన శిష్యుల శిష్యులకు పట్టాయి. షికాగోకు చెందిన విలియం బ్లాక్‌స్టోన్ 1891లో పాలస్తీనాను యూదులకు ఇప్పించాలని అమెరికా అధ్యక్షుడికి వినతిపత్రం ఇచ్చాడు. దాని మీద రాక్‌ఫెల్లర్, మోర్గాన్‌తో సహా 413 మంది సంతకాలున్నాయి. యూదు జాతీయోద్యమ నాయకుడు హెర్జల్ యూదు రాజ్యం గురించి పుస్తకం రాయడానికి అయిదేళ్ల ముందు సంగతిది. 1917లో పాలస్తీనాలో యూదులకు నివాసం ఇస్తామన్న బ్రిటన్ బాల్ఫోర్ ప్రకటన, 1948 మే 14న ఇశ్రాయేలు రాజ్యం, 1967లో ఇశ్రాయేలు చేతికి తూర్పు జెరూసలేం. ప్రతిసారీ చార్టు నిజమైందనే అన్నారు. యేసు ఉపమానంలోని అంజూరపు చెట్టు ఇశ్రాయేలే, అది 1948లో చిగురించింది, అది చూసిన తరం గతించకముందే అంతం వస్తుంది, తరం అంటే 40 ఏళ్లు, కాబట్టి 1988 అని లెక్క కట్టినవాళ్లు కూడా ఉన్నారు. 2006లో జాన్ హేగీ అనే పాస్టర్ టెక్సాస్ కేంద్రంగా ఇశ్రాయేలు కోసం క్రైస్తవుల సంస్థ పెట్టాడు. 2018లో అమెరికా రాయబార కార్యాలయం జెరూసలేంకు మారినప్పుడు చివరి ప్రార్థన చేసింది ఆయనే.

మా నాయనమ్మ ప్రతి రాత్రీ యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించేది. ఆమె ప్రేమలో కల్మషం లేదు. కానీ ఆ చార్టులో యూదుల పరిస్థితి ఏమిటో ఆమెకు ఎవరూ వివరంగా చెప్పలేదు. జెకర్యా 13:8ని శ్రమల కాలానికి అన్వయించి, ఆ దేశంలో మూడింట రెండు వంతుల మంది చనిపోతారని చెప్పే బోధ అది. ఒక జనాన్ని ప్రేమిస్తున్నామంటూ వాళ్ల చావును గడియారం ముల్లుగా చూడటం నాకు ఇప్పుడు తట్టుకోలేని విషయం.

ఇక పాలస్తీనా క్రైస్తవులు ఆ చార్టులోనే లేరు. మన యాత్రికులు బెత్లెహేములో కొనుక్కొచ్చే ఒలీవ చెక్క సిలువలను తరతరాలుగా చెక్కుతున్నది ఎక్కువగా అక్కడి క్రైస్తవ కుటుంబాలే. 2006 ఆగస్టులో జెరూసలేంలోని లాటిన్ కాథలిక్, సిరియన్ ఆర్థడాక్స్, ఆంగ్లికన్, లూథరన్ పెద్దలు నలుగురు కలిసి ఒక ప్రకటన చేశారు. సువార్తను ఒక రాజ్యం విస్తరణకు కట్టే ఈ బోధ తప్పు అని, ప్రేమకు, న్యాయానికి, సమాధానానికి విరుద్ధమని అందులో రాశారు. మా మందిరంలో దాన్ని ఎవరూ చదివి వినిపించలేదు.